గులాబీ రిబ్బన్లూ పసుపు కళ్లూ

మెల్‌బోర్న్‌లో మా చర్చికి టార్నీట్ పేట నుంచి నవ్య అనే అమ్మాయి వస్తుంది. యూనీ, అదే యూనివర్సిటీ చదువు, పూర్తయింది. ఈ వేసవి నుంచి కొండల్లో పక్షుల సర్వే ఉద్యోగంలో చేరబోతోంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మీరు లైఫంతా ఇదే జాబ్ చేశారంట కదా, ఏ బైనాక్యులర్స్ కొనుక్కోమంటారు?" అని అడిగింది. కూర్చోడానికి మంచి దిండు కొనుక్కోమన్నాను. తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది.

నేను తమాషా చేయలేదు. ఈ ఉద్యోగంలో కళ్ల కంటే ముందు అరిగిపోయే భాగం వేరే ఉంది. ఆ సంగతి యూనీలో ఎవరూ చెప్పినట్టు లేరు. అందుకని నవ్య కోసం, ఆమెలాగా ఉత్సాహంగా చేరబోయేవాళ్ల కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవి తక్కువ, అందులో చెప్పుకోదగ్గవి ఇంకా తక్కువ.

ఉద్యోగం ఉన్నా ఉద్యోగం కోసం ప్రార్థన

మాది నర్సాపురం. జువాలజీ చదివాను. మా ఆయన ప్రకాశ్‌కి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే మెల్‌బోర్న్ వచ్చి ఊరి శివార్లలోని క్రెయిగీబర్న్‌లో స్థిరపడ్డాం. కొండల్లో రోడ్డు వేయాలన్నా, చెట్లు కొట్టాలన్నా ముందు అక్కడ ఏ పక్షులు పిల్లల్ని పెంచుతున్నాయో చూసి చెప్పే కంపెనీలు ఇక్కడ ఉన్నాయి. అలాంటి ఒక కంపెనీలో చూసి చెప్పే మనిషిని నేను. వేసవి వస్తే హ్యూమ్ హైవే ఎక్కి ఉత్తరంగా పోయి, ఏదో ఒక కొండవాగు పక్కన కూర్చునేదాన్ని.

మా ప్రార్థన కూటాన్ని నడిపే సత్యవతి ఆంటీకి ఈ సంగతి ఎన్నిసార్లు వివరించినా ఎక్కలేదు. "పిట్టల్ని చూస్తే జీతం ఇస్తారా? వాళ్లకేం పనీపాటా లేదా అమ్మా?" అనేది. పైగా ప్రతి శుక్రవారం, "మా రూతమ్మకి మంచి ఉద్యోగం దయచేయండి ప్రభువా" అని కన్నీళ్లతో ప్రార్థించేది. అందరితో పాటు నేనూ ఆమెన్ అనేదాన్ని. అనకపోతే బాగుండదు కదా.

నిజం చెప్పాలంటే ఆంటీ అనుమానంలో కొంత న్యాయం ఉంది. పక్షుల సర్వే అంటే పక్షుల్ని చూడటం అని చేరేవాళ్లు అనుకుంటారు. ఎక్కువ భాగం పొదల్ని చూడటమే. జలగలు కాళ్లకి పడతాయి, ఈగలు సాండ్‌విచ్ మీద హక్కు తమదే అన్నట్టు వాలతాయి. వాగులో నీళ్లు ఎండాకాలంలో కూడా వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. గంటల తరబడి కూర్చున్నాక ఒక పిట్ట నోట్లో పురుగుతో వచ్చి కొమ్మ మీద వాలుతుంది. అది పురుగును మింగేసిందంటే పట్టించుకోవాల్సిన పనిలేదు. మింగకుండా అటూ ఇటూ చూస్తూ కూర్చుందంటే దగ్గర్లో ఎక్కడో పిల్లలున్నట్టు. ఈ ఉద్యోగంలో అసలు విద్య ఇంతే. మిగిలినదంతా ఓపిక.

ఖాళీ పొదల ముందు కీత్

నా మొదటి బాస్ పేరు కీత్. మాటలు తక్కువ మనిషి. గూడు కనబడినా దాని దగ్గర ఆగొద్దు, చూడనట్టు నడుచుకుంటూ పో అని నేర్పాడు. ఆగాలనిపిస్తే ఏమీ లేని పొద దగ్గర ఆగమన్నాడు. తనూ అలాగే చేసేవాడు. ఖాళీ పొద ముందు నిలబడి, తల పక్కకి వంచి, గొప్ప విషయం కనిపెట్టినట్టు కాసేపు చూసి, గొంతు సవరించుకుని ముందుకు పోయేవాడు.

ఎందుకిలా అని ఒకసారి అడిగాను. "ఎవరో ఒకరు చూస్తుంటారు" అన్నాడు. ఆ అడవిలో మేమిద్దరం తప్ప మనిషన్నవాడు లేడు. పెద్దవాడైపోతున్నాడు పాపం అనుకున్నాను. అయినా బాస్ చేస్తుంటే మనం చేయకపోతే ఎలాగని నేనూ ఖాళీ పొదల్ని భక్తిగా చూసేదాన్ని. ఆయన రిటైరైపోయాక ఆ నాటకం తప్పిందని సంతోషించాను కూడా.

డెబ్, ఆమె రిబ్బన్లు

కీత్ తర్వాత డెబ్ వచ్చింది. అంతకు ముందు రోడ్లు వేసే కంపెనీలో పనిచేసిన మనిషి. గట్టిగా నవ్వేది, వేగంగా నడిచేది, అందరికీ కేకు తెచ్చేది. కాపాడాల్సిన వస్తువేదైనా దూరం నుంచి కనబడాలన్నది ఆమె విశ్వాసం. మాకు కళ్లు చెదిరే రంగు జాకెట్లు తొడిగింది. కనబడిన ప్రతి గూడు పక్కనా గులాబీ రంగు ప్లాస్టిక్ రిబ్బన్ కట్టమంది. రేపు యంత్రాలతో వచ్చేవాళ్లు పొరపాటున తొక్కకుండా ఉండాలి కదా అంది. సబబుగానే తోచింది. కట్టాను.

ఆ వేసవి మేము చూడాల్సింది ఈశాన్య కొండల్లో ఒక వాగు. వాగు రెండు వైపులా చెట్టంత ఎత్తు ఫెర్న్ మొక్కలు, వాటి కింద పట్టపగలు కూడా పచ్చని చీకటి. ఆ లోయలోంచి కొండల్లో తొక్కే సైకిళ్ల కోసం ఒక దారి వేయాలని అక్కడి సైకిల్ క్లబ్బువాళ్ల కోరిక. ఎండలు ముదిరాక అక్కడికి పిల్లల్ని పెంచడానికి ఒక పిట్ట వస్తుంది. గుప్పెడంత ఉంటుంది, ఇటుక రంగు తోక. ఆ తోకను విసనకర్రలా విప్పి మూస్తుంది. నేను దాన్ని విసనకర్ర పిట్ట అనేదాన్ని. దారికి అనుమతి ఇచ్చేవాళ్ల షరతు ఏమిటంటే, ఆ వేసవిలో ఆ లోయలో ఒక్క విసనకర్ర పిట్ట గూట్లోంచైనా పిల్లలు ఎగిరితే దారి కొండ అంచు మీదుగా చుట్టూ పోతుంది. ఎగరకపోతే ఫెర్న్‌లు నరికి లోయలోంచే వేస్తారు.

సర్వే చేసేవాళ్లకి ఇటు అటు అనే పక్షపాతం ఉండకూడదంటారు. నాకు ఉంది. ఆ లోయ పోకూడదు. అక్కడ కూర్చున్న మొదటి రోజే అలా అనిపించింది, తర్వాత మనసు మార్చుకోలేదు.

గూళ్లు దొరికాయి. సన్నని కొమ్మల చీలికలో, సాలెగూడు దారాలతో బిగించి, కిందకి తోకలాగా వేలాడుతూ, చూస్తే ముచ్చటేసే గూళ్లు. ప్రతి దానికీ పక్కన రిబ్బన్ కట్టాం. తర్వాత ఒకటొకటే ఖాళీ అవడం మొదలైంది. నిన్న గుడ్లున్న గూట్లో ఇవాళ ఏమీ లేదు. డెబ్ పాముల మీద అనుమానపడింది. నేను ఎలుకల పనే అనుకున్నాను. మిగిలిన గూళ్లు బాగా కనబడటం లేదేమోనని డెబ్ ఇంకో వరస రిబ్బన్ కట్టించింది.

మార్కెట్టుకు వచ్చిన పెద్దమనిషి

క్రిస్మస్‌కి ముందు రోజుల్లో, ఇక్కడ అది ఎండాకాలమే, చర్చిలో పాటల ప్రాక్టీసుకు రానందుకు సత్యవతి ఆంటీ చేత తిట్లు తిని మరీ, వాగు అవతలి ఒడ్డున దిండు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఒక కరవాంగ్ వచ్చింది. కరవాంగ్ అంటే కాకికి పెద్దన్నలా ఉండే ఇక్కడి నల్ల పక్షి. కళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. ఆ కళ్లతో చూస్తే మన లెక్క తేల్చేస్తున్నట్టు ఉంటుంది. అది మొదటి రిబ్బన్ దగ్గర వాలింది. పక్కనున్న గూట్లో తల పెట్టి చూసింది. ఖాళీ. రెండో రిబ్బన్ దగ్గరికి పోయింది. అక్కడా చూసింది. కూరగాయల మార్కెట్టులో తెలిసిన కొట్లన్నీ తిరిగినట్టు, తొందర లేకుండా, ఒక్క కొట్టూ వదలకుండా తిరిగింది. మూడో దాంట్లో సరుకు దొరికింది.

నేను అరిచాను. రాయి కూడా విసిరాను. అప్పటికే అయిపోయింది. ఆ గూళ్లు అది వెతుక్కోలేదు. మేమే చూపించాం, గుర్తు కట్టి మరీ చూపించాం. ఎవరో ఒకరు చూస్తుంటారని కీత్ అన్నది అప్పటికి గాని నాకు బుర్రకెక్కలేదు.

డెబ్‌కి చెబితే నమ్మలేదు. పక్షికి రిబ్బన్ ఏం తెలుస్తుందంది. వాదించడం దండగనిపించింది. మర్నాడు కార్లు ఆపే చోట ఆమె తన యూట్ పక్కన, అదే వెనక తొట్టె ఉండే బండి పక్కన, నిలబడి టీ తాగుతుంటే, నేను పోయి ఆ బండి పక్క అద్దానికి గులాబీ రిబ్బన్ కట్టి వచ్చాను. మేం కాస్త దూరం జరిగాం. ఎక్కువసేపు పట్టలేదు. కరవాంగ్ చెట్టు దిగి బానెట్ మీద వాలింది. రిబ్బన్ చూసింది. అద్దం కింద చూసింది, అద్దం వెనక చూసింది. గూడు ఎక్కడ పెట్టారు అన్నట్టు మా వైపు చూసింది.

డెబ్ టీ చివరి దాకా తాగింది. "అయితే రూత్, ఇది కూడా మన స్టాఫే అన్నమాట" అంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఒక్క రిబ్బన్ మిగలకుండా విప్పాం. నేను చాలామంది బాసుల కింద పనిచేశాను. తమ తప్పును రిటైరయ్యేదాకా వెనకేసుకొచ్చినవాళ్లు ఉన్నారు. డెబ్ ఒక కప్పు టీ అయ్యేదాకానే వెనకేసుకొచ్చింది. అలాంటి బాస్ దొరికితే నవ్యా, కేకు బాగోలేకపోయినా తిను.

చూపించకపోతే నమ్మరు

రిబ్బన్లు విప్పేనాటికి ఆ లోయలో విసనకర్ర పిట్టల గూడు ఒక్కటే మిగిలింది. అది కూడా నాకు ఆలస్యంగా కనబడింది కాబట్టి మిగిలింది. నీళ్ల మీదకి వంగిన కొమ్మ చీలికలో ఉంది. ఎక్కడుందో డెబ్‌కి నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. అప్పటికే కాలం మించిపోయింది. ఇది కూడా పోతే మళ్లీ గూడు కట్టే వ్యవధి వాటికి లేదు.

అప్పుడు కబురొచ్చింది, లోయ చూడటానికి పెద్దలు వస్తున్నారని. సైకిల్ క్లబ్ ప్రెసిడెంట్ టోనీ, ఊరి కౌన్సిలర్, స్థానిక పత్రికలో రాసే ఒకావిడ, వాళ్లతో ఇంకొందరు. గూళ్లున్నాయని మీరు అనడమే గాని మాకెవరికీ కనబడలేదే అన్నది టోనీ మాట. డెబ్ చూపిస్తానని ఒప్పేసుకుంది. నేను కుదరదన్నాను.

"చూపించకపోతే నమ్మరు రూత్" అంది డెబ్. "నమ్మకపోతే దారి లోయలోంచే."

ఆమె అన్నది నిజమే. చూపిస్తే ఏమవుతుందో నాకు తెలిసిందీ నిజమే. అంతమంది పోయి గూడు ముందు నిలబడితే, వాళ్లు కారెక్కే లోపు కరవాంగ్ వచ్చి దాన్ని ఖాళీ చేస్తుంది. అప్పుడూ దారి లోయలోంచే. ఆ శుక్రవారం ప్రార్థన కూటంలో మొట్టమొదటిసారి నేనే చెయ్యెత్తి, నా ఉద్యోగం కోసం ప్రార్థించమని అడిగాను. సత్యవతి ఆంటీ కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లకి దారిలో పడ్డానని ఆమెకి సంతోషమేసింది.

పెద్దలు వచ్చిన రోజు నేనే ముందు నడిచాను. పసుపు కళ్ల పెద్దమనిషి చెట్టు మీంచి చెట్టు మీదకి మా వెంటే వస్తున్నాడు. ఖాళీ పొద కనబడిన చోటల్లా ఆగాను. కీత్ లాగా తల వంచాను, గొంతు సవరించుకున్నాను. అందరూ ఆ పొదల్ని మర్యాదగా చూశారు. అసలు గూడు దగ్గరపడుతోంది. ఎవరూ అటు చూడకూడదు. కౌన్సిలర్ వైపు తిరిగి, ఊళ్లో కార్లు ఆపుకోడానికి చోటు దొరకడం లేదట కదా అన్నాను. ఆయన మొదలుపెట్టాడు. అందరూ ఆయన్నే చూస్తూ, ఎప్పుడు ఆపుతాడా అని ఎదురుచూస్తూ నడిచారు. నేను కంటి కొసతో చూశాను. గూటి అంచు మీంచి ఇటుక రంగు తోక కొంచెం బయటికి కనబడుతోంది. తల్లి కదల్లేదు. మేము దాటిపోయాం.

వాగు పై భాగంలో ఇంకో గూడుంది. అది బూడిద రంగు పిట్టలది. వాటికి ఒక గూడు సగంలో వదిలేసి వేరే చోట మొదలుపెట్టే అలవాటుంది. ఇదీ అలా వదిలేసిందే. అక్కడ ఆగాను. ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరూ చుట్టూ మూగి, వేళ్లు పెట్టి చూపించుకుని, ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత వాళ్లని కొంచెం వెనక్కి తీసుకొచ్చి, బండల మీద కూర్చోబెట్టి ఫ్లాస్కులో టీ పోశాను.

కప్పులు అందరికీ అందకముందే కరవాంగ్ దిగింది. తిన్నగా ఆ గూటి మీదే వాలి, ముక్కు లోపలికి దూర్చింది. ఏమీ దొరక్క గూటి అంచు పట్టి పీకింది. సాలెదారాలు తెగి గూడు ఒక పక్కకి వేలాడింది. పత్రికావిడ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"అందులో పిల్లలున్నాయా?" అంది.

"లేవు. అది ఖాళీ గూడు" అన్నాను. "పిల్లలున్న గూడు వేరే ఉంది. దాని పక్కనుంచే వచ్చాం. తీసుకెళ్లమంటారా?"

కరవాంగ్ మా వైపే చూస్తోంది, జవాబు దానికీ కావాలన్నట్టు. చివరికి టోనీ లేచాడు. ఆ దారి కోసం అందరికంటే ఎక్కువ తిరిగిన మనిషి, నేను మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేని మనిషి.

"వద్దు. నేనైతే రాను" అన్నాడు. మిగిలిన టీ నేల మీద పారబోసి, వచ్చిన దారినే, తల కూడా తిప్పకుండా నడిచాడు. ఆయన వెనకే అందరూ. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

కొన్ని రోజుల తర్వాత అవతలి ఒడ్డు నుంచి, దిండు మీద కూర్చుని, దూరం చూసే కెమెరాతో చూశాను. తల్లీ తండ్రీ పురుగులు తెచ్చి మింగకుండా కొమ్మ మీద కూర్చున్నాయి. తెచ్చిన పురుగు ఈసారి గూటికి పోలేదు. కింది రెమ్మ మీద ఇంకా తోకలు రాని రెండు పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నోళ్లు తెరిచి ఉన్నాయి. ఫొటో తీశాను. తర్వాత ఏడ్చాను. ముందు ఫొటో తీశాను కాబట్టి ఉద్యోగ ధర్మం తప్పినట్టు కాదు. దారి కొండ అంచు మీదుగా పోయింది. ఆ ఎక్కుడు తొక్కలేక చస్తున్నామని టోనీ ఇప్పటికీ గొణుగుతాడట.

మొన్నటి వేసవి

రిటైరయ్యాక చాలాకాలం ఆ వైపు పోలేదు. మొన్నటి వేసవిలో ప్రకాశ్‌ని వెంటబెట్టుకుని పోయాను. కార్లు ఆపే చోటు ఇప్పుడు పెద్దదైంది, కొత్తగా టాయిలెట్ కట్టారు. లోయ మొదట్లో అందమైన బోర్డు పెట్టారు. ఇక్కడ అరుదైన పక్షులు పిల్లల్ని పెంచుతాయి, దయచేసి వాటి జోలికి పోకండి అని రాసి, అవి సరిగ్గా ఎక్కడుంటాయో కింద మ్యాపు వేశారు.

మోకాళ్ల నొప్పుల వల్ల ప్రకాశ్ కారు దగ్గరే ఉండిపోయాడు. నేను ఒక్కదాన్నే నడిచాను. వాగు వంపు తిరిగాను. ఎవరో పుణ్యాత్ములు, ఎవరి కాలూ పడకూడదని కాబోలు, ఒక ఫెర్న్ ఆకు కాడకి గులాబీ రిబ్బన్ కట్టారు. తలెత్తి చూస్తే పై కొమ్మ మీద పసుపు కళ్లు. అదేనో, దాని కూతురో, మనవరాలో తెలియదు. హోదా మాత్రం అదే.

రిబ్బన్ విప్పి జేబులో పెట్టుకున్నాను. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పిల్లల అరుపు వినబడింది, సన్నగా, ఆకలిగా. అటు చూడాలని ప్రాణం కొట్టుకుంది. అందుకోసమే కదా అంత దూరం వచ్చింది. ఎదురుగా ఉన్న ఖాళీ పొద ముందు నిలబడి, తల పక్కకి వంచి, గొంతు సవరించుకుని, ముందుకు నడిచాను.

కార్ల దగ్గరికి వచ్చి ఆ రిబ్బన్‌ని టాయిలెట్ తలుపు గడియకి కట్టాను. మేము కారెక్కే లోపే కరవాంగ్ లోయలోంచి వచ్చి టాయిలెట్ పైకప్పు మీద వాలింది. కిందకి వంగి రిబ్బన్‌ని చూసింది, తలుపు సందులోంచి లోపలికి చూసింది. లోపలున్న పెద్దమనిషి ఎవరో గట్టిగా కేక పెట్టాడు.

ప్రకాశ్ కారు స్టార్ట్ చేస్తూ, "ఇంత దూరం వచ్చావు, ఒక్క పిట్టనైనా చూశావా?" అన్నాడు.

లేదన్నాను. చూడకుండా ఉండే పని నా సర్వీసు మొత్తంలో అంత బాగా ఎప్పుడూ చేయలేదు.